ఆఫ్‌లైన్‌లో రాస్తే నాకు బాగుంది, అవతలి బోర్డులో ఒత్తులు మాయం. తేడా యాడొచ్చిందబ్బా?

సప్తగిరి_కిటికీసీటు
తిరుపతికీ చెన్నైకీ మధ్య సప్తగిరిలో తిరిగే ఉద్యోగం నాది. దోవలో సిగ్నల్ వస్తా పోతా ఉంటాది కాబట్టి, ఎక్కే ముందే మన బోర్డు (అందరూ మెసేజీలు పెట్టుకునే బీబీఎస్ కంప్యూటరు) నుంచి క్యూడబ్ల్యూకే ప్యాకెట్, అంటే మెసేజీలన్నీ ఒకటిగా కట్టిన ఫైలు, దించుకుంటా. రైల్లో చదివి జవాబులు రాసి పెట్టుకుని, దిగినాక ఆ జవాబులుండే రెప్ ఫైలు ఎక్కిస్తా. ఇంతవరకు ఏ గొడవా లేదు. నా బోర్డులో నా జవాబు ఎక్కించిన నిమిషానికే కనపడతాంది.

కానీ అదే జవాబు చిత్తూరు_చిన్నప్పన్న వాడే బోర్డుకి మర్నాటికి గానీ చేరలా. చేరింది కూడా ఒత్తులన్నీ రాలిపోయి చేరింది. నేను "అన్నం" అని రాస్తే ఆయనకి "అన□నం" అని వచ్చిందంట. ఆఫ్‌లైన్ మెయిలూ ప్యాకెట్టే, బోర్డుల మధ్య తిరిగే నెట్‌వర్కు మెయిలూ ప్యాకెట్టే. మరి నాకొక తీరు, ఆయనకొక తీరు ఎందుకు? రెండూ ఒకటి కాదా?

చిత్తూరు_చిన్నప్ప
అన్నం ఒకటే అయితే సర్దుకుందును. నా పేరు "చిన□నప□ప" అయింది, ఊరు "చిత□తూరు" అయింది. మా ఇంటావిడ చూసి ఏందిది ఓటీపీనా అనింది.

పుత్తూరు_కట్టు
విరిగిన ఒత్తులన్నీ మూటగట్టి మా ఊరికి పంపండి. గుడ్డ చుట్టి, ఆకు పసరు వేసి పంపిస్తాం. మూడు కట్లకి అతుక్కుంటాయి.

మదనపల్లె_టమాటా
నాకు అసలు సంగతే అర్థం కాలా. ఈ కాలంలో బీబీఎస్ ఏంది, ప్యాకెట్ దించుకునేది ఏంది? వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ క్షేమంగా వస్తాయి కదన్నా.

చిత్తూరు_చిన్నప్ప
వస్తాయి తమ్ముడూ. వాటితో పాటు రోజూ పొద్దున్నే నూరు గుడ్ మార్నింగ్ పూలు కూడా వస్తాయి.

రేణిగుంట_సార్టర్
నేను రైల్వే మెయిల్ సర్వీసు, అదే ఆర్ఎంఎస్‌లో చేసి రిటైరైనవాణ్ణి, కంప్యూటర్ సంగతి మా అబ్బాయి దగ్గర నేర్చుకున్నది. నాకు అర్థమైంది చెప్తా. పోస్టుమాన్ సంచిలో మీ ఇంటికి తెచ్చేది ఒక పని. రాత్రి రైలు పెట్టెలో కూర్చుని ఈ ఊరి సంచి విప్పి ఆ ఊరి సంచిలోకి వేసేది ఇంకో పని. రెండిట్లోనూ ఉండేది ఉత్తరాలే, అయినా పనులు వేరు, మనుషులు వేరు, తప్పు జరిగే చోట్లు వేరు. మీ క్యూడబ్ల్యూకే పోస్టుమాన్ సంచి. బోర్డుకీ బోర్డుకీ మధ్య పోయేది మా పెట్టె. ఉత్తరం చిరిగి చేరిందంటే మొదట అడగాల్సింది ఏ సంచిలో చిరిగిందని.

కాణిపాకం_ప్రమాణం
పోలిక వినేదానికి బాగుంది గానీ సగమే సరి. ఆర్ఎంఎస్‌లో ఉత్తరం ఒకటే, ఒక చోటికే పోతుంది. ఎకోమెయిల్లో, అంటే బోర్డులన్నీ పంచుకునే చర్చల్లో, అట్లా కాదు. నువ్వు ఒక బోర్డులో రాసిన మాట ఆ ఎకో తీసుకునే ప్రతి బోర్డులోనూ ఒక్కో నకలు అవుతుంది. వంద బోర్డులుంటే వంద నకళ్ళు. ఒకటి చింపినా తొంభై తొమ్మిది మిగుల్తాయి. నీ రెప్ ఫైలు ఎక్కించక ముందు ఎన్నిసార్లయినా దిద్దుకో, కొట్టెయ్. ఎక్కించినాక కూడా ఆ ఒక్క బోర్డులోనే ఉండే లోకల్ ఏరియా అయితే, బోర్డు నడిపే సిసాప్‌ని బతిమాలితే తీసేస్తాడు. నెట్‌వర్కులోకి ఎక్కినాక మాత్రం కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్తున్నా, దేవుడు కూడా వెనక్కి తేలేడు.

రేణిగుంట_సార్టర్
అది ఒప్పుకుంటా. మా పెట్టెలో నకళ్ళు తీస్తే ఉద్యోగం ఊడేది.

మోడెమ్_మామ
ఇద్దరూ మాట్లాడేది ఇప్పటి సంగతి. అప్పట్లో ఈ రెండూ ఎందుకు పుట్టినాయో తెలిస్తే తేడా దానంతటదే తెలుస్తుంది. కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిక లేనివాళ్ళు దాటేసి పొండి.

మొదటి బోర్డు చికాగోలో 1978లో వార్డ్ క్రిస్టెన్సన్, రాండీ సూయెస్ ఇద్దరూ కలిసి పెట్టింది. ఒక కంప్యూటరు, ఒక మోడెమ్, ఒక ఫోను లైను. ఒకళ్ళు లోపల ఉంటే మిగతావాళ్ళకి ఎంగేజే. ఆ ఊళ్ళో రాసింది ఆ ఊళ్ళోనే ఉండేది. 1984లో టామ్ జెన్నింగ్స్ బోర్డులని కలిపే ఫైడోనెట్ మొదలుపెట్టినాడు. రాత్రిపూట ఫోను రేటు తగ్గినాక శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన బోర్డు, బాల్టిమోర్‌లో స్నేహితుడి బోర్డు ఒకదానికొకటి ఫోను చేసుకుని ఉత్తరాలు మార్చుకునేవి. మొదట్లో అది నెట్‌మెయిల్, ఒకరి నుంచి ఒకరికి. 1986 నాటికి డల్లస్ నుంచి జెఫ్ రష్ ఎకోమెయిల్ తెచ్చినాడు. అప్పుడొచ్చింది కాణిపాకం చెప్పిన నకళ్ళ వ్యవహారం.

క్యూడబ్ల్యూకే ఎప్పటిదనుకుంటున్నారు? 1987. స్పార్క్‌వేర్ పేరుతో మార్క్ హెర్రింగ్ చేసినాడు. అంటే నెట్‌వర్కే ముందు, ఆఫ్‌లైన్ చదువుడు తర్వాత. చాలామంది తిప్పి అనుకుంటారు. నెట్‌వర్కు తీర్చింది సిసాప్ కష్టం: ఊరికీ ఊరికీ మధ్య ట్రంకు ఖర్చు. క్యూడబ్ల్యూకే తీర్చింది మనబోటివాళ్ళ కష్టం: లైను పట్టుకుని చదువుతా కూర్చుంటే మీటరు తిరుగుతుంది, వెనక ఇంకొకడికి లైను దొరకదు, బోర్డు వాడిచ్చిన టైము అయిపోతుంది.

నా కథ కూడా చెప్తా. ఎస్వీయూలో చదివే రోజుల్లో బాలాజీ కాలనీలో ఫోనుండే స్నేహితుడి రూము నుంచి మద్రాసులో ఒక బోర్డుకి చేసేవాళ్ళం. ఎస్‌టీడీ. రాత్రి 11 దాటితే పావు రేటు, ఆ టైముకి లీలామహల్ దగ్గర ఎస్‌టీడీ బూత్‌ల ముందు జనం బారులు తీరి ఉంటే, మేము రూములో మోడెమ్ ముందు. 2400 మోడెమ్ అంటే సెకనుకి 240 అక్షరాలు. ఆన్‌లైన్‌లో ఒక్కో మెసేజీ చదివి, ఆలోచించి, తప్పులు కొట్టుకుంటా టైపు చేస్తే గంట ఇట్టే పోయేది. అవే మెసేజీలు జిప్ చేసి ఒక వంద కేబీ ప్యాకెట్‌గా దించుకుంటే ఏడు నిమిషాలు. ఫోను పెట్టేసి, తెల్లార్లూ నింపాదిగా చదువుకోవచ్చు. మా వాడి నాయనకి బిల్లు చూసి బీపీ రాకుండా కాపాడింది ఆ ప్యాకెట్టే.

మదనపల్లె_టమాటా
మామా, ఫోను మధ్యలో కట్ అయితే?

మోడెమ్_మామ
జెడ్‌మోడెమ్ అనే ఫైలు దించే పద్ధతి ఉంటే ఆగిన చోటి నుంచే మళ్ళీ పట్టుకునేది. లేకపోతే మొదటి నుంచి. మధ్యలో వాళ్ళమ్మ ఫోను ఎత్తి "హలో" అనిందంటే ఆ రాత్రికి అంతే.

బాలాజీకాలనీ_బైట్లు
చరిత్ర బాగుంది మామా, ఆ రూము మా వీధిలోనే అయి ఉండొచ్చు. ఇప్పుడు ఒత్తుల సంగతి చూద్దాం. కిటికీసీటూ, నాలుగు ప్రశ్నలు. ఒకటి, నీ బోర్డులో ఆన్‌లైన్‌గా లాగిన్ అయి చూస్తే నీ జవాబులో ఒత్తులు ఉన్నాయా? రెండు, అదే జవాబు తర్వాత ప్యాకెట్లో నీకే తిరిగి దిగినప్పుడు ఉన్నాయా? మూడు, చిన్నప్పన్నా, మీ బోర్డులో మీరే లోకల్‌గా తెలుగు రాస్తే సరిగ్గా కనపడతాందా? నాలుగు, ఆ విరిగిన మెసేజీ కింద పాత్ వరస ఉంటాది, అందులో మధ్యలో ఎన్ని నోడ్లు (బోర్డులు) ఉన్నాయో చూడండి.

సప్తగిరి_కిటికీసీటు
ఆన్‌లైన్‌లో ఉన్నాయక్కా. ప్యాకెట్లో దించినా ఉన్నాయి.

చిత్తూరు_చిన్నప్ప
మా బోర్డులో లోకల్‌గా రాసింది శుభ్రంగా ఉంది. పాత్‌లో మీ బోర్డు, తర్వాత మధ్యలో మెయిల్ పంచే ఒక హబ్బు, తర్వాత మా బోర్డు. సీన్-బై వరస మాత్రం చాంతాడంత ఉంది, అదెందుకో నాకు తెలీదు.

కాణిపాకం_ప్రమాణం
సీన్-బై అంటే ఈ మెసేజీ ఇప్పటికే ఏయే బోర్డులకి పోయిందో చీటీ. అందులో నంబరుంటే ఆ బోర్డుకి మళ్ళీ పంపకూడదు. పాత్ అంటే నీ దగ్గరికి ఏ దోవన వచ్చిందో అది. ఈ రెండూ ఆఫ్‌లైన్ రీడర్లో నీకు అక్కర్లేదు, అందుకే చాలా రీడర్లు దాచేస్తాయి. చూడు, ఇది కూడా తేడానే. నువ్వు చదివేవాడివి, నీకు మాట కావాలి. బోర్డు పంచేది, దానికి దోవ కావాలి.

బాలాజీకాలనీ_బైట్లు
దొరికింది. క్యూడబ్ల్యూకే తప్పు లేదు, రెండు బోర్డుల తప్పూ లేదు. మధ్యలో హబ్బులో మెయిల్ విడదీసి పంచే టాసర్ ప్రోగ్రాము చాలా పాతది అయ్యుండాలి. ఎందుకంటారా, వినండి, నాకే చూసినాక నవ్వొచ్చింది.

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. హెక్స్ అంకెల్లో రాస్తే అన్నీ ఈ0తో మొదలవుతాయి, తర్వాత బీ0 గానీ బీ1 గానీ వస్తుంది, మూడోది మారతా ఉంటుంది. "న్న" అంటే న, పొల్లు, న. మూడు గుర్తులు, తొమ్మిది బైట్లు. ఆ పొల్లు బైట్లు చూడండి: ఈ0 బీ1 8డీ.

ఇప్పుడు ఫైడోనెట్ మూల నియమాలు, ఎఫ్‌టీఎస్-0001, తీయండి. అందులో 8డీ బైటుని "సాఫ్ట్ రిటర్న్" అంటారు. పాత ఎడిటర్లు తెర అంచు రాగానే లైను మడిచిన చోట పెట్టుకునే గుర్తు అది. దాన్ని పట్టించుకోవద్దని నియమం. పాత టాసర్లు కొన్ని ఆ నియమాన్ని ఎంత శ్రద్ధగా పాటించినాయంటే, 8డీ కనపడితే చాలు తీసి పారేస్తాయి. పొల్లులో మూడో బైటు పోయింది, ఈ0 బీ1 మిగిలింది, దానికి అర్థం లేదు కాబట్టి □ పడింది. తెలుగులో 8డీతో ముగిసే అక్షరం పొల్లు ఒక్కటే. అందుకే దీర్ఘాలు, గుణింతాలు, సున్నాలు అన్నీ క్షేమం. ఒత్తులకి మాత్రమే చావు.

సప్తగిరి_కిటికీసీటు
అక్కా! ఇన్ని అక్షరాల్లో వెతికి వెతికి ఒత్తుల మీదే పడిందా?

పుత్తూరు_కట్టు
"అమ్మ" పోతుంది, "అప్ప" పోతాడు, "అన్న" పోతాడు. "మామ" ఒక్కడే మిగుల్తాడు. మోడెమ్_మామ చేసిన కుట్ర ఇది.

మోడెమ్_మామ
తాత కూడా మిగుల్తాడు నాయనా, నువ్వు కంగారు పడొద్దు.

బాలాజీకాలనీ_బైట్లు
మనకే కాదు, రష్యా వాళ్ళకి మనకంటే ముందే తగిలింది. వాళ్ళు వాడే సీపీ866 కోడ్ పేజీలో వాళ్ళ "న" పెద్దక్షరం సరిగ్గా 8డీ. ఫైడోలో అది మాయమవుతుంటే, అచ్చం అట్లానే కనపడే ఇంగ్లీషు హెచ్ కొట్టుకుని గడిపినారు. మనకి పొల్లులాగా ఉండే ఇంగ్లీషు అక్షరం లేదు కాబట్టి ఆ తెలివి పనికిరాదు.

కాణిపాకం_ప్రమాణం
అక్క చెప్పింది కరెక్టే, ఒప్పుకుంటా. కానీ క్యూడబ్ల్యూకేని పతివ్రతని చేయొద్దండి. దానిలోనూ లోపాలుండాయి. మెసేజెస్.డాట్ ఫైలు మొత్తం 128 బైట్ల గడులు. ప్రతి మెసేజీకి మొదటి గడి తలకట్టు. అందులో ఎవరి నుంచి, ఎవరికి, విషయం, ఒక్కోదానికి 25 బైట్లే. ఇంగ్లీషులో 25 అక్షరాలు, తెలుగులో ఎనిమిది. లైను చివర గుర్తుగా ఈ3 బైటు వాడతారు, ఎందుకంటే పాత ఐబీఎం అక్షరాల్లో అది "పై" గుర్తు, లెక్కల మాస్టర్లు తప్ప ఎవరూ వాడరని. జపాను వాళ్ళ హిరగానా, కటకానా యూటీఎఫ్-8లో మొదలయ్యేదే ఈ3తో. ఒక్కో అక్షరానికి ఒక్కో లైను తెగుతుంది పాపం. అంటే నెట్‌వర్కులో మన కొంప మునిగింది, ఆఫ్‌లైన్‌లో వాళ్ళ కొంప మునుగుతుంది. ఎవడి బైటు వాడిది.

సప్తగిరి_కిటికీసీటు
ఓహో, అందుకేనా! "తిరుపతి రైలు టైము మారిందా" అని పెట్టిన విషయం ప్యాకెట్లో "తిరుపతి ర" అని కనపడింది. ఏడు గుర్తులకి ఇరవైఒకటి, ఖాళీకి ఒకటి, ర కి మూడు. సరిగ్గా 25. ఐత్వం దాకా కూడా పోలా.

రేణిగుంట_సార్టర్
మా కాలంలో అడ్రసు సగమే ఉండే కవర్లు ఎన్ని చూసినామో. అయినా చేర్చేవాళ్ళం.

బాలాజీకాలనీ_బైట్లు
ఆ 25 హద్దు దాటేదానికి తర్వాత క్యూడబ్ల్యూకేఈ అని పొడిగింపు వచ్చింది. పొడుగు పేర్లు, పొడుగు విషయం మెసేజీ మొదట్లోనే లైన్లుగా పెడతారు. నీ రీడరూ బోర్డూ రెండూ ఒప్పుకుంటే వాడొచ్చు. కొత్త సింక్రోనెట్ లాంటి బోర్డు సాఫ్ట్‌వేర్లలో ప్యాకెట్లోనే హెడర్స్.డాట్ అని ఇంకో ఫైలు కూడా పెడతారు.

కపిలతీర్థం_సిసాప్
కిటికీసీటు వాడే బోర్డు నాదే. రెండ్రోజులుగా ఇక్కడ నా బోర్డు మీద పంచాయితీ జరుగుతాందని ఇప్పుడే చూసినా. నా వైపు నుంచి బయటికి పోయే పీకేటీ ఫైలు (బోర్డుల మధ్య మెయిల్ మూట) హెక్స్‌లో తెరిచి చూసినా. ఈ0 బీ1 8డీ మూడూ ఉండాయి. అంటే అక్క చెప్పినట్టే హబ్బులోనే తెగింది. హబ్బు నడిపే పెద్దాయనకి నెట్‌మెయిల్ వేసినా. ఆయన టాసర్ తీసి కొత్తది పెట్టడానికి ఇష్టపడడు, ఇన్నేళ్ళుగా నడుస్తాంది ఎందుకు కదిలించాలంటాడు. నేనేం చేసేదో చూస్తా.

ఇంకో సంగతి, ఆలస్యం గురించి ఎవరూ మాట్లాడలా. కిటికీసీటు ఎక్కించిన నిమిషానికే తనకి కనపడింది ఎందుకంటే అది నా డిస్కులోనే పడింది కాబట్టి. చిన్నప్పన్నకి మర్నాడు కనపడింది ఎందుకంటే నేను హబ్బుకి రాత్రి ఒకసారే కలుపుతా, వాళ్ళ బోర్డు పొద్దున ఒకసారి కలుపుతుంది. ఇంటర్నెట్ వచ్చినాక బింక్‌పీ అనే పద్ధతితో నిమిషానికొకసారి కలపొచ్చు. బద్ధకం, అంతే. ఫోన్ల కాలంలో అయితే ఒకసారే గతి. ఫైడోలో జోన్ మెయిల్ అవర్ అని రోజుకొక గంట కేవలం బోర్డులు మాట్లాడుకునేదానికే. ఆ గంటలో మనుషులు ఫోను చేయకూడదు, చేస్తే మోడెమ్ అరుపులు వినాల్సిందే.

మదనపల్లె_టమాటా
అంటే ఆఫ్‌లైన్‌లో ఆలస్యం మన చేతిలో, నెట్‌వర్కులో ఆలస్యం సిసాపుల చేతిలో. కరెక్టేనా?

కపిలతీర్థం_సిసాప్
కరెక్టే. ఇంత తెలిసినోడివి టమాటాల్లో ఏం చేస్తాండావు, బోర్డు పెట్టు.

కాణిపాకం_ప్రమాణం
ఆలస్యం మాట వచ్చింది కాబట్టి నా కడుపులో మాట చెప్తా. ఈ ఆఫ్‌లైన్ వాళ్ళతో వచ్చే తంటా ఏందంటే, సోమవారం ఒకడు ప్రశ్న అడుగుతాడు. సోమవారం సాయంత్రానికి ఆన్‌లైన్‌లో ఉండేవాళ్ళు జవాబిచ్చేస్తారు. అడిగినోడు దండం పెట్టి పోతాడు కూడా. గురువారం సప్తగిరి దిగిన మనిషి సోమవారం దించుకున్న ప్యాకెట్‌కి రాసిన జవాబులన్నీ కుప్పగా ఎక్కిస్తాడు. "అది అట్లా కాదు, ఇట్లా" అని. అప్పటికే అయిపోయింది పెళ్ళి. దీన్ని వందమంది ఆఫ్‌లైన్ వాళ్ళు చేస్తే ఒక ప్రశ్నకి నలభై ఒకేరకం జవాబులు.

మోడెమ్_మామ
అది నిజం. కానీ రెండో వైపు కూడా చూడు. ఆన్‌లైన్‌లో టైము అయిపోతుందని భయపడతా రాసేవాడు రెండు లైన్లు రాస్తాడు. ఆఫ్‌లైన్‌లో రాసేవాడికి తొందర లేదు. ఆ మద్రాసు బోర్డులో నేను చదివిన మంచి జవాబులన్నీ కింద ఏదో ఆఫ్‌లైన్ రీడర్ పేరుండేవే. ముందు మెసేజీలోంచి అవసరమైన ముక్క మాత్రం, ముందు ఎవరి మాటో తెలిసేట్టు పొడి అక్షరాలు పెట్టి, కింద తన జవాబు. ఎందుకంటే చదివేవాడి తెరమీద పాత మెసేజీ ఉంటుందో లేదో తెలీదు కదా.

కాణిపాకం_ప్రమాణం
ఆ కోట్ చేసుడు అలవాటు ఆఫ్‌లైన్ వల్ల కాదు మామా, నెట్‌వర్కు వల్ల. ఏ మెసేజీకి ఏది జవాబో లింకులు బోర్డు దాటితే తెగిపోయేవి. ఒక్కో బోర్డులో ఒక్కో నంబరు. నీ బోర్డులో 412 నా బోర్డులో 87. దానికి తర్వాత ఎంఎస్‌జీఐడీ అని ప్రతి మెసేజీకి ఒక గుర్తు పెట్టినారు, దాన్ని బట్టి జవాబు దేనికో తెలుస్తుంది, వచ్చిందే మళ్ళీ వస్తే పట్టుకోవచ్చు. అదీ పాత క్యూడబ్ల్యూకే ప్యాకెట్లోకి రాదు. దిగేటప్పుడు రాలిపోతుంది.

మోడెమ్_మామ
రెండింటి వల్లా అనుకుందాం. నువ్వు గెలిచే దాకా వదలవని తెలుసు.

కాణిపాకం_ప్రమాణం
గెలిచినా వదలను.

కపిలతీర్థం_సిసాప్
పని మొదలుపెట్టినా. హబ్బు కదలదు కాబట్టి దాన్ని వదిలి, చిన్నప్పన్న బోర్డు సిసాప్‌తో నేరుగా కలిపేదానికి క్యూడబ్ల్యూకే నెట్‌వర్కింగ్ పెడతాండా. అంటే వాళ్ళ బోర్డు నా బోర్డుకి ఒక మామూలు మెంబరు లాగా లాగిన్ అవుతుంది. ప్యాకెట్ దించుకుంటుంది. వాళ్ళ వైపు మెసేజీలు రెప్ ఫైలుగా ఎక్కిస్తుంది. డోవ్‌నెట్ అనే బోర్డుల నెట్‌వర్కు ఇట్లానే నడుస్తాంది.

మదనపల్లె_టమాటా
ఆగండాగండి. ఇందాకట్నుంచి క్యూడబ్ల్యూకే అంటే ఆఫ్‌లైన్ చదువుడు, ఫైడో అంటే నెట్‌వర్కు అని చెప్పి, ఇప్పుడు క్యూడబ్ల్యూకేతోనే నెట్‌వర్కంటారా? నాకు తల తిరుగుతాంది.

పుత్తూరు_కట్టు
పోస్టుమానే రైలెక్కి సార్టింగ్ చేస్తాండాడు.

రేణిగుంట_సార్టర్
లీవు వేకెన్సీలో అట్లా కూడా చేయించినారు మాతో.

బాలాజీకాలనీ_బైట్లు
తమ్ముడూ, తల తిరగాల్సిన పని లేదు. అసలు తేడా ఫైలు రకంలో లేదు, దాన్ని అవతల ఎవరు తెరుస్తారనే దాంట్లో ఉంది. కిటికీసీటు రైల్లో తెరిస్తే చదువుతాడు, నవ్వుకుంటాడు, కొన్నిటికి జవాబిస్తాడు, మిగతావి వదిలేస్తాడు. ప్యాకెట్ అక్కడితో ఆగిపోతుంది. చిన్నప్పన్న బోర్డు తెరిస్తే చదవదు, ఒక్కటీ వదలదు. అన్నీ తన డిస్కులో పెట్టుకుని, తన మెంబర్లందరికీ చూపించి, ఇంకెవరైనా కిందుంటే వాళ్ళకీ పంపుతుంది. మనిషి దగ్గరికి పోయే ప్యాకెట్ పోతే ఒకడికి నష్టం. బోర్డు దగ్గర పోతే ఊరంతటికీ నష్టం.

దాన్నుంచే మిగతావి. నువ్వు ప్యాకెట్ దించుకున్నాక నీ "చదివినంతవరకు" గుర్తు ముందుకు జరుగుతుంది. ఫైలు పోగొట్టుకుంటే ఆ గుర్తు చేత్తో వెనక్కి జరుపుకుని మళ్ళీ దించుకుంటావు, కొన్ని రెండోసారి వచ్చినా "ఇది చూసిందే" అని దాటేస్తావు. బోర్డుకి ఆ బుద్ధి లేదు. గుర్తు చూసి పట్టుకోలేకపోతే, రెండోసారి వచ్చింది కూడా కొత్తదే అనుకుని మళ్ళీ అందరికీ పంచుతుంది. అందుకే నెట్‌వర్కులో డూపులంటే, అంటే వచ్చిందే మళ్ళీ రావడమంటే, సిసాపులకి అంత భయం.

మదనపల్లె_టమాటా
ఇప్పుడర్థమైంది అక్కా.

కపిలతీర్థం_సిసాప్
అక్క నోట డూపుల మాట ఎందుకొచ్చిందో గానీ, అచ్చం అదే జరిగింది. రాత్రి క్యూడబ్ల్యూకే లింకు పెట్టినా. పాత హబ్బు లింకు తీయకుండా ఒకరోజు రెండూ నడవనీ అనుకున్నాం ఇద్దరం. చిన్నప్పన్నా, మీ వైపు ఏం కనపడతాందో చెప్పు.

చిత్తూరు_చిన్నప్ప
ప్రతి మెసేజీ రెండుసార్లు. ఒకటి ఒత్తులతో, ఒకటి ఒత్తుల్లేకుండా. "కాణిపాకం లడ్డు బాగుందా తిరుపతి లడ్డు బాగుందా" అని ఎవరో పెట్టిన గొడవ మొత్తం రెండు కాపీలు. ఒకటే చాలదా దానికి.

కాణిపాకం_ప్రమాణం
డూపు పట్టే ప్రోగ్రాము ఏం చేస్తాంది, నిద్రపోతాందా?

బాలాజీకాలనీ_బైట్లు
దానికి దారి లేదు. ఎంఎస్‌జీఐడీ చూద్దామంటే క్యూడబ్ల్యూకే దోవలో వచ్చినదానికి లేదు. మాటల లెక్క పోల్చి చూద్దామంటే ఒకదాంట్లో 8డీలు ఉన్నాయి, ఒకదాంట్లో లేవు, కాబట్టి లెక్క కలవదు. దాని దృష్టిలో అవి రెండు వేరే వేరే మెసేజీలు. రెండు దోవల్లో ఒకటి మూయాల్సిందే. పాత హబ్బు నుంచి ఆ తెలుగు ఏరియా ఒక్కటీ తీసేయండి, మిగతా ఇంగ్లీషు ఎకోలు ఫైడోలోనే ఉండనీయండి. వాటికి 8డీతో పని లేదు.

కపిలతీర్థం_సిసాప్
తీసేసినా. వాళ్ళ సిసాప్ కూడా తీసేసినాడు. కొత్త ప్యాకెట్లలో హెడర్స్.డాట్ కూడా ఆన్ చేసినాం, ఇంగ మీద ఎంఎస్‌జీఐడీ గుర్తులు కూడా దాటతాయి.

చిత్తూరు_చిన్నప్ప
పొద్దున ఒకే కాపీ. ఒత్తులుండాయి. విషయం కూడా పూర్తిగా ఉంది. హబ్బు పెద్దాయనకి కోపం వచ్చిందా?

కపిలతీర్థం_సిసాప్
లేదు. "తగ్గిన మెయిలు తగ్గినట్టే, డిస్కు మిగిలింది" అన్నాడు. మంచాయన.

సప్తగిరి_కిటికీసీటు
ఇంగొక్క సందేహం. ఇప్పుడు బోర్డు కూడా మెంబరు లాగే లాగిన్ అయి ప్యాకెట్ దించుకుంటాంది కదా, నా రీడర్‌తో నేను ఆ లాగిన్ వాడితే ఏమవుతుంది? అదేదో ఎక్కువ ఏరియాలు వస్తాయని ఒకాయన చెప్పినాడు.

కపిలతీర్థం_సిసాప్
వద్దు సామీ! ఆ లాగిన్‌కి "నెట్‌వర్కు నోడ్" అని హక్కు ఇచ్చి ఉంటాం. దాని నుంచి వచ్చే రెప్‌లో "నుంచి" అనే గడిలో ఏ పేరుంటే ఆ పేరుతోనే మెసేజీ వేస్తుంది, ఎందుకంటే బోర్డు తన మెంబర్లందరి తరఫునా పంపాలి కదా. మామూలు మెంబరు రెప్ ఎక్కిస్తే ఆ గడిలో ఏం రాసినా లెక్క చేయకుండా లాగిన్ అయినోడి పేరే వేస్తాం. నీకు నోడ్ లాగిన్ ఇచ్చినానంటే రేపు పుత్తూరు_కట్టు పేరుతో నువ్వు పోస్టులేస్తావు.

పుత్తూరు_కట్టు
వేయనీ అన్నా, నాకు జోకులు అయిపోయినాయి.

మోడెమ్_మామ
ఆ రోజుల్లో రీడర్లు జవాబు కింద ఒక ట్యాగ్‌లైను (ఒక సరదా ముక్క) వాటంతటవే తగిలించేవి. ఒకాయన రీడర్లో వందల కొద్దీ దాచుకున్నాడు. ఎవరైనా ఇప్పటి మల్టీమెయిల్ రీడర్‌కి తెలుగు ట్యాగ్‌లైన్ల ఫైలు చేస్తారా?

పుత్తూరు_కట్టు
... ఘాట్ రోడ్డులో ఓవర్‌టేక్ చేయకూడదు, ఎకోలో టాపిక్ దాటకూడదు.

చిత్తూరు_చిన్నప్ప
... ఈ మెసేజీలో ఒత్తులు కనపడకపోతే మీ సిసాప్‌కి దండం పెట్టండి.

కాణిపాకం_ప్రమాణం
... నాది చివరి మాట. ఇది కాదు, దీని తర్వాతది.

వేదిక_నిర్వాహకుడు
ట్యాగ్‌లైన్లకి వేరే చర్చ తెరిచినా, ఇక మీద అక్కడ వేయండి. టమాటా తమ్ముడు బోర్డు పెట్టేదానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ప్రైవేటుగా అడిగినాడు, తెలిసినవాళ్ళు "కొత్త సిసాపులు" విభాగంలో చెప్పండి.